మూరెడు లోపల, బారెడు అవతల

ఈసారి ‘మీకు తెలుసా?’ శీర్షిక విశాఖలో గాజువాక వైపు వెళ్లే షిఫ్టు బస్సులో పుట్టింది. నా ముందు సీట్లో ఇద్దరు. ఒకాయన మాట్లాడుతున్నాడు, రెండో ఆయన కిటికీ వైపు జరుగుతున్నాడు. ఈయన జరిగినకొద్దీ ఆయన ఇంకా దగ్గరికొస్తున్నాడు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర మొదలైన కబుర్లు కూర్మన్నపాలెం వచ్చేసరికి వినేవాడి చెంపని కిటికీ అద్దానికి ఆనించేశాయి. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒకాయనకి ఎక్కడ ఆగాలో తెలీదు, ఇంకొకాయనకి ఎలా ఆపాలో తెలీదు.

క్రేను కింద, కొలిమి ముందు, రైలు పట్టాల పక్కన ఎక్కడ నిలబడాలో నేల మీద పసుపు గీత గీసి మరీ చెప్పే ఊరు మనది. మనిషి పక్కన మనిషి ఎక్కడ నిలబడాలో చెప్పే గీత మాత్రం ఎక్కడా కనపడదు.

ఆ కొలత పూలమ్మే ఆవిడకి తెలుసు

మనుషుల మధ్య ఎడాన్ని కొలిచి దాన్నో శాస్త్రంగా నిలబెట్టినవాడు అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్. ఆయన పుస్తకం ‘ది హిడెన్ డైమెన్షన్’ 1966లో వచ్చింది. ఆయన లెక్క ఇది: 18 అంగుళాల లోపలికి రాగలిగేది బిడ్డలు, ఆలుమగలు, ప్రాణస్నేహితులు. అక్కడి నుంచి 4 అడుగుల దాకా స్నేహితులు. 4 నుంచి 12 అడుగులు ఆఫీసు పనులకీ పరిచయస్తులకీ. ఆ పైన సభలు, ఉపన్యాసాలు.

ఇప్పుడు పూర్ణా మార్కెట్‌లో పూలమ్మే ఆవిడ చెయ్యి చూడండి. మోచెయ్యి నుంచి నడిమివేలి కొస దాకా ఆవిడ కొలిచే మూర 18 అంగుళాలు. హాల్ అమెరికాలో గీసిన మొదటి గీత సరిగ్గా మన మూరెడు! రెండు చేతులూ బార్లా చాపితే బార, అంటే నాలుగు మూరలు, ఆరడుగులు. 2020లో ఫోన్ ఎత్తినా టీవీ పెట్టినా వినిపించిన ‘దో గజ్ దూరీ’ కూడా ఈ బారెడే.

హాల్ లెక్క అమెరికావాళ్లని చూసి వేసింది, మనకి అంగుళాలతో సహా అతకదు. ఆ మాట హాలే చెప్పాడు. కానీ మొదటి గీత మాత్రం మన ఆఫీసుల్లో బాగానే పనిచేస్తుంది. మోచెయ్యి నడుముకి ఆనించి చెయ్యి ముందుకి చాపండి. వేలికొస ఆగినచోటు దాకా మీ సొంత జాగా. అందులోకి తోటి ఉద్యోగి రావాలంటే ఏదో ఒక కారణం ఉండాలి.

చట్టం ఇచ్చిన జాగా ఎంత?

ఫ్యాక్టరీ పనిగదిలో మనిషికింత చోటు అని లెక్కగట్టి ఇచ్చిన చట్టం మన దేశంలో వచ్చిందని మీకు తెలుసా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 16వ సెక్షను. ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్లు ఉండాలంది. చట్టం రాకముందే నడుస్తున్న ఫ్యాక్టరీలకైతే 9.9 చాలంది. నేల నుంచి 4.2 మీటర్ల పైన ఉన్న ఖాళీని లెక్కలో కలపకూడదని కూడా రాసింది. రాయకపోతే యజమాని కప్పు ఎత్తు చూపించి, కింద మనుషుల్ని సార్డిన్ చేపల్లా సర్దేస్తాడని రాసినవాళ్లకి తెలుసన్నమాట.

14.2ని 4.2తో భాగించి చదరపు అడుగుల్లోకి మార్చాను. మనిషికి సుమారు 36 వచ్చింది. ఆరడుగులకి ఆరడుగులు, బారెడుకి బారెడు! చట్టం ఆలోచించింది గాలీ వెలుతురూ ఊపిరీ గురించి, మర్యాద గురించి కాదు. అయినా లెక్క వచ్చి ఆగింది మాత్రం రెండు చేతులూ చాపి గిర్రున తిరగగలిగేంత చోటు దగ్గర. మీ ఆఫీసులో మీ బల్ల చుట్టూ టేపు పట్టి చూసుకోండి. ఆ తర్వాత నన్ను తిట్టకండి.

మిల్లు గొంతు

ఉక్కు కర్మాగారంలో పనిచేసిన వాళ్లింట్లో పుట్టినవాళ్లకి మిల్లు గొంతు గురించి చెప్పక్కర్లేదు. నాన్న అన్నం పెట్టమని అడిగినా పక్కింటివాళ్లకి వినపడుతుంది. హోరులో మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి చెవి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో ప్రకటించాడు. ఇప్పటికీ దాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. పెంచినా చాలనప్పుడు మనిషి దగ్గరికి జరుగుతాడు. బయలులో దూరం సగానికి తగ్గితే శబ్దం 6 డెసిబెళ్లు పెరుగుతుంది. 1948 చట్టం కింది నిబంధనల ప్రకారం 8 గంటల షిఫ్టుకి హోరు హద్దు 90 డెసిబెళ్లు. ఆ హోరులో చెవి రక్షణ తొడుక్కున్నవాడికి మాట చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టక తప్పదు.

పాతికేళ్లు అలా మాట్లాడినవాణ్ణి ఒకరోజు ఏసీ గదిలో, కంప్యూటరు ముందు కూర్చున్న కొత్త ఇంజినీరు అమ్మాయి పక్కకి బదిలీ చేస్తారు. ఆయన అలవాటు కొద్దీ వంగి చెవిలో అరుస్తాడు. ఆ అమ్మాయి కుర్చీతో సహా వెనక్కి పోతుంది. ఆయనకి మర్యాద తెలియక కాదు, మిల్లు ఇంకా ఆయన చెవుల్లో తిరుగుతోంది. కొత్తలో ఒక్కసారి “గురువుగారూ, ఇక్కడ మెల్లగా చెప్పినా వినపడుతుందండీ, ఆ కుర్చీ లాక్కుని కూర్చోండి” అంటే సగం సమస్య తీరిపోతుంది. అనకుండా ఆరు నెలలు లోపల కుమిలి, చివరికి మేనేజరుకి మెయిలు పెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఆయనకి అసలు సంగతి తెలియనే తెలియదు.

ఆపమన్నది ఎవరైనా సరే

మాట అక్కర్లేకుండా ఒంటితోనే నడిచే భాష ఈ ఊళ్లో రోజూ వేల టన్నులు ఎత్తుతోంది. చెయ్యి పైకెత్తి, చూపుడువేలు పైకి పెట్టి చిన్న సున్నాలు చుడితే ‘ఎత్తు’. వేలు కిందికి పెట్టి చుడితే ‘దించు’. సైగ చేసే చేతి ముందు రెండో చెయ్యి కదలకుండా పెడితే ‘నిదానం’. క్రేను మీదున్నవాడు ఒక్క సిగ్నల్‌మన్ చేతినే చూడాలి, పక్కన పదిమంది చేతులూపినా లెక్కచెయ్యకూడదు.

ఒక్క సైగకి మాత్రం ఆ నియమం లేదు. ‘ఆపు’ అన్న సైగ ఎవరిచ్చినా ఆపాలి. ఛార్జిమన్ ఇచ్చినా, నిన్న చేరిన కాంట్రాక్టు కుర్రాడిచ్చినా, దారిన పోయేవాడిచ్చినా ముందు ఆపాలి, ఎందుకని తర్వాత అడగాలి. మనిషి పక్కన నిలబడే మనిషికీ ఇదే నియమం ఉంటే బాగుండు.

నోటితో చెప్పే మాటలకీ ఒక కథ ఉంది. మన దేశపు రేవుల్లో పాత కళాసీల నోట ‘ఆరియా’ అంటే బరువు దించు అని. అది పోర్చుగీసు ఓడలవాళ్లు వదిలివెళ్లిన ‘అర్రియార్’. విశాఖ రేవు 1933లో తెరుచుకునేనాటికే ఆ మాట వయసు వందల ఏళ్లు.

చేతులు కట్టుకున్నవాడికి కోపమా, చలా?

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో కూర్చున్నవాళ్లందరికీ ఒక అంకె కంఠతా వచ్చు. మన భావంలో మాటలు 7 శాతం, గొంతు 38, ముఖకవళికలు 55. ఈ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి రెండు ప్రయోగాలది. ఆ ప్రయోగాల్లో ఉన్నవి విడివిడి మాటలు, వాటిని పలికిన తీరు, ముఖాల ఫొటోలు. ఇష్టం, అయిష్టం చెప్పేటప్పుడు మాటకీ మొహానికీ పొంతన లేకపోతే జనం దేన్ని నమ్ముతారన్నదే ఆయన ప్రశ్న. ఇది మామూలు సంభాషణకి వర్తించదని ఆయనే చెప్పాడు. ఎవరూ వినలేదు.

కాబట్టి మీటింగులో చేతులు కట్టుకున్నాయన మీ మీద కత్తి నూరుతున్నాడని అనుకోకండి. ఏసీ గాలి తిన్నగా ఆయన మీదికే వస్తుండవచ్చు. అడిగితే పోయేదానికి ఊహలెందుకు?

పెదవులతో దారి చూపిస్తే

రేవు పట్టణంలో తోటి ఉద్యోగి అంటే తెలుగువాడే కానక్కర్లేదు. ప్రపంచం నలుమూలలా ఓడల మీద పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్‌వాళ్లు చాలా ఎక్కువ. వాళ్లు దేన్నైనా చూపించాలంటే వేలికి బదులు పెదవులు ముందుకి చాపుతారు. కనుబొమలు ఎగరేస్తే ‘ఔను’ అని. ఈ రెండూ తెలియని మనవాడికి మొదటి రోజు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

వాళ్ల అవస్థా తక్కువది కాదు. మనం తల అడ్డంగానూ కాకుండా నిలువుగానూ కాకుండా ఊపుతాం చూడండి, అది ఔనో కాదో తేల్చుకోలేక విదేశీ కెప్టెన్లు తలపట్టుకుంటారు. బల్గేరియాలోనైతే తల నిలువుగా ఊపితే ‘కాదు’. మన కుర్రాడు పెద్దాయన ముందు కళ్లు దించుకోవడం అణకువ అనుకుంటాడు. కళ్లలోకి చూసి మాట్లాడేవాణ్ణే నమ్మే దేశం నుంచి వచ్చినవాడు దాన్ని దాపరికం అనుకుంటాడు.

2017లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం 42 దేశాల్లో దాదాపు 9 వేల మందిని, కొత్తవాళ్లు మీకు ఎంత దూరంలో ఉంటే బాగుంటుందని అడిగారు. అందరికంటే దగ్గరగా రానిచ్చింది అర్జెంటీనావాళ్లు, ఎక్కువ ఎడం కోరింది రొమేనియావాళ్లు. ఆ ఇద్దరినీ ఒకే ఓడ డెక్కు మీద నిలబెడితే ఒకడు ముందుకి, ఇంకొకడు వెనక్కి జరుగుతూ చివరికి రెయిలింగు దగ్గర తేలతారు. నా షిఫ్టు బస్సులో జరిగిందీ అదే.

భుజం మీద చెయ్యి

మన భాషకి ఈ సంగతులన్నీ తెలుసు. దగ్గరితనం ఎక్కువైతే ‘రాసుకు పూసుకు తిరుగుతున్నారు’ అంటాం, తక్కువైతే ‘అంటీ ముట్టనట్టు ఉన్నాడు’ అంటాం. రెండూ మెచ్చుకోళ్లు కావు. ఈ రెంటి మధ్య ఎక్కడో ఉన్నదే చనువు. చనువు ఇచ్చేది ఒకరు, తీసుకునేది ఇంకొకరు. తీసుకునేవాడు ముందుగా తీసేసుకోవడంలోనే తంటా అంతా ఉంది.

ఉత్తరాంధ్రలో మగవాళ్ల మధ్య “ఏటి బావా” అంటూ భుజం మీద చెయ్యి వెయ్యడం, చేతిలో చెయ్యి వేసుకుని టీకొట్టు దాకా నడవడం తప్పు కాదు, స్నేహం. కర్మాగారాల్లో ఈ అలవాటు గట్టిపడటానికి ఓ కారణం కూడా ఉంది. 1948 చట్టం 66వ సెక్షను ఆడవాళ్లని ఉదయం 6 నుంచి రాత్రి 7 మధ్యలోనే పనిచెయ్యనిచ్చింది. రాత్రి షిఫ్టు అంటే ఏళ్ల తరబడి అందరూ మగవాళ్లే. భుజం తట్టడం, వీపు చరచడం, మీదపడి నవ్వడం అన్నీ ఆ షాపుల్లో నేర్చుకున్నవి. ఇప్పుడు అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాలకి ఉదయాన్నే బయల్దేరే బస్సుల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. పాత షాపు మర్యాద అక్కడ చెల్లదు. మగవాళ్లలోనూ భుజం మీద చెయ్యి పడితే ఒళ్లు జలదరించేవాళ్లుంటారు. వాళ్లు పైకి చెప్పరు, అంతే.

చెప్పకపోవడానికి కారణం మన మొహమాటం. మొహమాటం మీద మనకున్న సామెత ఇక్కడ అచ్చువేయలేను గానీ, అది తెలియని తెలుగువాడు లేడు.

ఏం చెయ్యాలో నా ఎరుకలో ఉన్నది చెబుతాను. మీరు వెనక్కి ఒక అడుగు వెయ్యండి. చాలామందికి అదే చాలు. ఆయన మళ్లీ ముందుకి అడుగేస్తే ఇక వెనక్కి పోకండి, పక్కకి తిరగండి. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఇరుకనిపించే దూరం పక్కవాటుగా నిలబడితే అంతగా అనిపించదు. 1950ల చివర కెనడాలో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఆసుపత్రి భోజనశాలలో బల్లల చుట్టూ కూర్చున్నవాళ్లని గమనించాడు. బల్ల మూలకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ల మధ్యే మాటలు ఎక్కువ సాగాయి. కాబట్టి సందర్శకుల కుర్చీని మీ బల్లకి ఎదురుగా కాకుండా మూలకి వేసి చూడండి, ఖర్చు లేని చిట్కా. భుజం మీదుగా వంగి మీ స్క్రీన్ చూసేవాళ్లకి “నేనే ఇటు తిప్పుతానండీ, అక్కణ్ణుంచే చూడండి” అనండి. ఇవేవీ పనిచేయకపోతే, నలుగురిలో కాకుండా విడిగా, నవ్వకుండా, “నాకు కొంచెం ఎడంగా ఉంటే బాగుంటుందండీ” అని ఒక్క వాక్యం. ఎందుకో చెప్పనక్కర్లేదు. ‘నాకు’ అన్న మాటతో మొదలుపెడితే అవతలివాడి మీద నింద పడదు. నవ్వుతూ చెబితే మాత్రం ఉత్తరాంధ్రలో దాన్ని వేళాకోళమే అనుకుంటారు, అది నా సొంత అనుభవం.

ఎడం అంటే అన్నిసార్లూ మర్యాద కాదు

ఎడంగా నిలబడమనడం మన దేశంలో శతాబ్దాల పాటు ఒక అవమానం. ఎవరు ఎంత దూరంలో నిలబడాలో, ఎవరి గ్లాసు ఎవరు ముట్టకూడదో కులం చెప్పింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. అందుకే ఆఫీసులో ఒక్కరి దగ్గరే దూరం పాటించి, మిగతా అందరి భుజాల మీదా చేతులేసే మనిషి ‘నాకు పర్సనల్ స్పేస్ కావాలి’ అంటే నేను నమ్మను. మూరెడు గీత గీస్తే అందరికీ గియ్యాలి.

విశాఖ తీర్పుకీ విశాఖకీ సంబంధం లేదు

పనిచేసే చోట లైంగిక వేధింపుల ప్రస్తావన వస్తే ‘విశాఖ మార్గదర్శకాలు’ అంటారు. ఆ కేసు మన ఊళ్లోనే జరిగిందని నమ్మేవాళ్లు మన ఊళ్లోనే చాలామంది. నిజానికి ఆ విశాఖ రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ. భటేరీ గ్రామంలో ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో పనిచేస్తున్న భన్వరీ దేవి ఒక బాల్యవివాహాన్ని ఆపబోయింది. అందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. తన ఉద్యోగం తాను చేసినందుకే ఆమెకి ఆ శిక్ష. ఆ తర్వాత మహిళా సంస్థలు వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చెయ్యడానికి 2013 దాకా పట్టింది.

ఆ చట్టంలో, అవాంఛిత లైంగిక ప్రవర్తన దేహంతోనే కాదు, మాటతోనే కాదు, మాట లేకుండా చేసినా వేధింపే అని రాసి ఉంది. అంటే చూపు, సైగ, దారికి అడ్డంగా నిలబడటం కూడా ఆ కోవలోకి రావచ్చు. ఒంటి మీద చెయ్యి పడితేనే వేధింపు అన్న వాదాన్ని సుప్రీంకోర్టు 1999లోనే, మరో కేసులో, తోసిపుచ్చింది.

ఇంకోటి, ఇది షిఫ్టు బస్సుల ఊరికి ముఖ్యం: ఉద్యోగం కోసం యజమాని ఏర్పాటు చేసిన బస్సు కూడా చట్టం దృష్టిలో పనిచేసే చోటే. గేటు దాటాక జరిగింది మాకు సంబంధం లేదనడానికి వీల్లేదు.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే అయ్యుండాలి, సభ్యుల్లో సగమైనా మహిళలుండాలి, బయటి సభ్యులొకరుండాలి. కమిటీ పెట్టని యజమానికి 50 వేల రూపాయల దాకా జరిమానా. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. పదిమంది కంటే తక్కువున్న దుకాణంలో పనిచేసేవాళ్లూ, ఇళ్లలో పనిచేసేవాళ్లూ జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఈ చట్టం కింద మగవాళ్లు ఫిర్యాదు చెయ్యలేరు, వాళ్లకి సంస్థ సర్వీసు నిబంధనలే దిక్కు. అది లోటే.

మిల్లు గొంతు పెద్దాయన్నీ, దారికి అడ్డంగా నిలబడేవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదు. తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఒక్కసారి చెప్పి చూడండి. మొదటివాడు నొచ్చుకుని దూరం జరుగుతాడు. రెండోవాడు “ఏం, అంత బెట్టేంటి?” అంటాడు.

బాదంగింజంత కాపలాదారు

దగ్గరికొస్తే ఇబ్బందిగా అనిపించడం మీ చాదస్తం కాదు. మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అని ఒక భాగం ఉంది. వ్యాధి వల్ల అది రెండు వైపులా పాడైన ఒక మహిళని కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు పరీక్షించి 2009లో ఆ ఫలితాలు ప్రకటించారు. కొత్తవాళ్లు ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికొచ్చినా ఆవిడకి ఏమీ అనిపించలేదు. మిగతావాళ్లు సగటున 64 సెంటీమీటర్ల దగ్గర ఆగితే, ఆవిడ ఆగింది 34 దగ్గర.

75 మంది, ఒక గొట్టం

రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా నిలిచి ఉన్న ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. అందులో బతికింది 75 మంది, యంత్రాల మధ్య, టార్పెడోల పక్కన. ఒకడు డ్యూటీకి లేస్తే వెచ్చగా ఉన్న ఆ పడకలోనే డ్యూటీ దిగినవాడు పడుకోవడం జలాంతర్గాముల లోకంలో మామూలు సంగతి. మూరెడు జాగా కూడా దొరకని ఆ ఇనుప గొట్టంలో మనుషులు ఎలా సర్దుకున్నారో చూడాలనుంటే టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. ముందువాడి వీపుకీ మీ ముక్కుకీ మధ్య జానెడు కూడా మిగలదు.